మండపీతలతో మొదలుపెట్టి జీవవైవిధ్యాన్ని అధ్యయనం చేయడం ఎలా: రూపం, ఆవాసం, డీఎన్‌ఏ కలిపి చూసే పద్ధతి

ఒక ఉప్పుటేరులోనో, ఒక కొండవాగులోనో ఎన్ని జాతుల జీవులు ఉన్నాయో లెక్క తీయాలంటే, ముందుగా ఏది ఏ జాతో తేల్చుకోవాలి. వర్గీకరణ శాస్త్రం ఈ పనిని రూపలక్షణాలను బట్టి చేస్తుంది. జీవావరణ శాస్త్రం ఆ జీవి ఎక్కడ, ఏ కాలంలో, ఎలాంటి నీటిలో బతుకుతుందో చెబుతుంది. జన్యుశాస్త్రం దాని వంశం ఏ కొమ్మకు చెందినదో డీఎన్‌ఏ ద్వారా చూపిస్తుంది. మన కళాశాలల్లో ఈ మూడింటినీ మూడు పేపర్లుగా చదివి, మూడు వేరువేరు ప్రాజెక్టులుగా రాసి వదిలేయడం అలవాటైపోయింది. ఈ మూడింటినీ ఒకే నమూనా మీద, ఒకే అంకె కింద కలిపినప్పుడే నమ్మదగిన ఫలితం వస్తుందన్నది నా దృఢమైన అభిప్రాయం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ, పీజీ విద్యార్థులూ అధ్యాపకులూ ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

ఉదాహరణగా మండపీతను తీసుకుందాం. మన వైపు చాలామంది ఎండ్రకాయ అనే పిలుస్తారు. కృష్ణపట్నం, ముత్తుకూరు ప్రాంతపు ఉప్పుటేర్లలోనూ, గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోట్లలోనూ ఇది దొరుకుతుంది. మంచి ధర పలుకుతుంది కాబట్టి దీన్ని పట్టేవాళ్లు, కొనేవాళ్లు, దీని గురించి చెప్పగలిగేవాళ్లు మనకు అందుబాటులో ఉంటారు. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మండపీతలన్నీ స్కిల్లా అనే ఒకే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందినవి. వాటిలో ఎన్ని జాతులున్నాయన్న విషయం మీద దశాబ్దాల పాటు గందరగోళం నడిచింది. పులికాట్ సరస్సులో రెండు జాతులున్నాయని జోయెల్, సంజీవరాజ్ 1980లో రాశారు. పెద్దదానికి ట్రాంక్విబారికా అనీ, చిన్నదానికి సెర్రాటా అనీ పేర్లు పెట్టారు. ఆ పేర్లే మన దేశపు పుస్తకాల్లో స్థిరపడిపోయాయి. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ వరకు సేకరించిన పీతల శరీర కొలతలనూ, ఎంజైముల తేడాలనూ, మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్‌ఏనూ కలిపి పరిశీలించి, ప్రపంచంలో మండపీతలు నాలుగు జాతులని తేల్చారు: సెర్రాటా, ట్రాంక్విబారికా, పారామమోసైన్, ఒలివేసియా. ఆ వెలుగులో చూస్తే మనం ట్రాంక్విబారికా అని పిలుస్తూ వచ్చిన పెద్ద పీత నిజానికి సెర్రాటా అనీ, సెర్రాటా అని పిలిచిన చిన్న పీత ఒలివేసియా అనీ తర్వాత మన దేశంలో జరిగిన డీఎన్‌ఏ పరిశీలనల్లో బయటపడింది. పాత పరిశోధనల్లో చిన్న పీత గురించి రాసిన పెరుగుదల వేగం, గుడ్ల సంఖ్య, ఉప్పదనపు అవసరం ఇంకో జాతి పేరు కింద నమోదైపోయాయి. మూడు శాస్త్రాలు విడివిడిగా నడిస్తే జరిగే నష్టం అదే.

ప్రశ్నను చిన్నదిగా పెట్టుకోండి

"నెల్లూరు తీరపు జీవవైవిధ్యం" అన్నది ప్రాజెక్టు పేరుకు బాగుంటుంది, పనికి పనికిరాదు. "ఈ ఉప్పుటేరులో ముఖద్వారం నుంచి పైకి వెళ్లేకొద్దీ ఏ జాతి మండపీత వాటా ఎంత, వానాకాలంలో ఆ వాటా మారుతుందా" అన్నది ఒక విద్యార్థి బృందం ఒక ఏడాదిలో జవాబు చెప్పగలిగిన ప్రశ్న. ఒక ఏరును ఎంచుకుని, దాని పొడవునా ఉప్పదనం మారే తీరును బట్టి నాలుగైదు చోట్లు గుర్తించండి: సముద్రం పోటు నేరుగా తగిలే చోటు, మడ చెట్లున్న బురద గట్టు, బకింగ్‌హాం కాలువ కలిసే చోటు, రొయ్యల చెరువుల నీరు వచ్చి పడే చోటు, మంచినీరు ఎక్కువయ్యే పై భాగం. రొయ్యల చెరువుల చోటును తప్పించి శుభ్రమైన చోట్లే ఎంచుకోవాలన్న కోరిక కలుగుతుంది కానీ, మన తీరంలో ఇప్పుడున్న ఆవాసం అదే కాబట్టి దాన్ని వదిలేయకూడదు.

అనుమతుల సంగతి ముందే చూసుకోవాలి. మడ అడవి రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ తీయకూడదు. అభయారణ్యాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. నమూనాలనుగానీ, వాటి కణజాలాన్నిగానీ విదేశీ ప్రయోగశాలకు పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చదివి, వాటి ప్రకారమే నడవాలి. ఆ గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉంటుంది. వాళ్లకు ముందుగా చెప్పడం చట్టం కోసమే కాదు, మర్యాద కోసం కూడా.

తెలిసినవాళ్లను అడగండి, అడిగిన తీరును రాయండి

1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డన్ ఈ ప్రాంతపు జంతువుల గురించి యానాదులను అడిగి ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఆయనే. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు జెర్డన్ పంపిన పక్షే ఆధారమైంది. జెర్డన్ పేరు పక్షికి మిగిలింది, దారి చూపినవాళ్ల పేర్లు ఎక్కడా మిగలలేదు. మీరు అలా చేయకండి. చెప్పినవారి అనుమతి తీసుకుని, వాళ్లు కోరితే పేరుతో, వద్దంటే పేరు లేకుండా, వాళ్ల సమాచారాన్ని వాళ్ల సమాచారంగానే నమోదు చేయండి. వాళ్ల సమయానికి కూలి ఇవ్వండి.

అడిగేటప్పుడు జవాబును ప్రశ్నలోనే పెట్టకూడదు. "చిన్న పీతలు బొరియల్లో ఉంటాయి కదా" అంటే ఎవరైనా ఔననే అంటారు. "ఈ పీతను ఎక్కడ, ఎలా పడతారు" అని అడిగి ఊరుకోండి. ఇనుప కొక్కెంతో బొరియలోనుంచి లాగేది ఏ రకం, బోనుకో వలకో పడేది ఏ రకం, అమావాస్య పౌర్ణమి పోట్లకు ఏది ఎక్కువ వస్తుంది, గుడ్లున్న ఆడపీతలు ఏ నెలల్లో కనబడకుండా పోతాయి అన్న వివరాలు ఆ జవాబుల్లోనే వస్తాయి. బొరియ పీత, బయటి పీత అన్న తేడా వాళ్ల మాటల్లో వచ్చిందంటే దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: ఒలివేసియా బురదలో బొరియలు చేసుకుని, ఉప్పదనం తగ్గే మడ ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే జాతి, సెర్రాటా బొరియల మీద అంతగా ఆధారపడకుండా, సముద్రపు ఉప్పదనానికి దగ్గరగా ఉండే నీటిలో తిరిగే జాతి. పీతలు పట్టేవాళ్ల అనుభవం ఇక్కడ జీవావరణ శాస్త్రంలో మొదటి ఆధారం అవుతుంది. వాళ్లు పెట్టుకున్న పేర్లు వాళ్లు పలికినట్టే తెలుగులో రాసుకోండి, శాస్త్రీయ నామంతో అప్పుడే ముడిపెట్టకండి.

ఆవాసాన్ని కొలవండి

ప్రతి చోటా ఒకే రకం బోనులు, ఒకే సంఖ్యలో, ఒకే ఎరతో, ఒకే పోటు సమయంలో, సమానమైన గంటల పాటు పెట్టాలి. బొరియల పీతలు బోనుకు సరిగా పడవు కాబట్టి, ప్రతి చోటా నిర్ణీత పొడవున్న గట్టు మీద బొరియలు వెతికే పనిని కూడా నిర్ణీత సమయం పాటు చేయాలి. లేకపోతే మీ లెక్కలో ఒలివేసియా తక్కువగా కనబడుతుంది. ఆ తక్కువతనం బోనుదే, ఏరుది కాదు. బోను ఖాళీగా వచ్చినా పుస్తకంలో సున్నా రాయాలి. ఆ సున్నాలు లేకపోతే తర్వాత ఏ గణాంకమూ నిలబడదు.

నీటి ఉప్పదనాన్ని రిఫ్రాక్టోమీటరుతో కొలవండి. కొలిచే ముందు స్వేదనజలంతో సున్నా సరిచూసుకోండి. నీటిని పైనుంచి ముంచి తీసుకోవడం చాలామంది చేసే పని. ఉప్పునీరు బరువుగా ఉండి అడుగున చేరుతుంది, మంచినీరు పైన తేలుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వరద వచ్చినప్పుడు పైన దాదాపు చప్పటి నీరు, అడుగున ఉప్పునీరు ఉండవచ్చు. పీత అడుగున ఉంటుంది కాబట్టి అడుగు నీటినే కొలవాలి. బరువు కట్టిన సీసాకు బిరడా పెట్టి, బిరడాకు వేరే తాడు కట్టి, సీసా అడుగుకు చేరాక బిరడా లాగితే సరిపోతుంది. దానితో పాటు ఉష్ణోగ్రత, నేల తీరు, దగ్గరున్న చెట్టు, పోటో పాటో, సమయం, ఫోన్‌లో చూపిన అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాయాలి. కృష్ణపట్నం దగ్గర మొదటి అంకె 14.2కు, రెండోది 80.1కు దగ్గరగా ఉండాలి. అలా లేదంటే రెండూ తారుమారయ్యాయన్నమాట. ఈ పని వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి తప్పనిసరిగా జరగాలి.

నమూనాలను చేపల మార్కెట్లో కొనడం సులభమే కానీ, ఈ పనికి అవి పనికిరావు. వ్యాపారి గంపలోకి చేరిన పీత ఏ ఏరు నుంచి వచ్చిందో, కొన్నిసార్లు ఏ జిల్లా నుంచి వచ్చిందో కూడా చెప్పలేము. పట్టినవాళ్ల దగ్గర, పట్టిన చోటే కొనడం మంచి పద్ధతి. గుడ్లు మోస్తున్న ఆడపీతలను ఫొటో తీసి, కొలిచి, వదిలేయండి.

ఒక పీత, ఒక అంకె

అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన భాగం ఇదే. పీత చేతికి రాగానే దానికి ఒక అంకె ఇవ్వండి: చోటు, సంవత్సరం, వరుస సంఖ్య కలిసేలా. ఆ తర్వాత దాని ఫొటోకూ, కాలి ముక్కకూ, డీఎన్‌ఏ గొట్టానికీ, ఉప్పదనం రాసిన పుటకూ, చివరికి ప్రచురించే డీఎన్‌ఏ అక్షరాల శ్రేణికీ ఆ ఒక్క అంకే ఉండాలి. ప్రయోగశాలలో వేరే అంకె, మ్యూజియంలో వేరే అంకె పెట్టుకుని మధ్యలో ఒక జాబితాతో కలుపుకుందామన్న ఆలోచన వద్దు; జాబితా పోయిన రోజున మూడు శాస్త్రాలూ మళ్లీ విడిపోతాయి. చీటీని మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపల వేయాలి. బాల్‌పాయింట్ సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది, సీసా మీద అంటించిన చీటీ ఊడిపోతుంది.

బతికున్న పీతను నేరుగా ఆల్కహాలులో వేస్తే అది కాళ్లను తానే తెంచి వదిలేస్తుంది. జాతిని చెప్పే గుర్తులు కాళ్ల మీదే ఉన్నాయి. కాబట్టి ముందు ఐసు ముక్కలు కలిపిన నీటిలో ఉంచి చలనం ఆగేదాకా చూసి, తర్వాత ఫ్రీజరులో పెట్టండి. అంతకుముందే, రంగులు తాజాగా ఉండగానే, కొలబద్ద పక్కన పెట్టి పైనుంచి, కిందనుంచి, ముఖం వైపు నుంచి, రెండు డెక్కల బయటి వైపు నుంచి, వెనక ఈత కాళ్ల మీద నుంచి ఫొటోలు తీయండి.

డీఎన్‌ఏ కోసం ఒక నడక కాలు కీలు దగ్గర తీసి, లోపలి కండను గోరంత ముక్క కోసి, 95 శాతానికి తగ్గని ఇథనాలులో వేయాలి. ఇథనాలు కండకు కనీసం పది రెట్లు ఉండాలి. మరుసటి రోజు ఆ ద్రవాన్ని పారబోసి కొత్తది పోసి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. ఒక పీత కండ కోసిన కత్తెరను తుడిచి, మంటకు చూపించకుండా రెండో పీతను ముట్టకూడదు. మిగిలిన పీతను 70 నుంచి 90 శాతం ఇథనాలులో భద్రపరచండి. ఫార్మలిన్ సీసాలు కళాశాల మ్యూజియంలో వరుసగా ఉంటాయి కాబట్టి అదే వాడాలనిపిస్తుంది. అది డీఎన్‌ఏను ముక్కలు చేసి, ప్రొటీన్లతో అతికిస్తుంది. కండ ముక్క తీయకముందు పీత ఫార్మలిన్ దగ్గరికే పోకూడదు.

రూపాన్ని చదవండి

పీతను పళ్లెంలో ముఖం మీ వైపు ఉండేలా పెట్టి, చేతి లెన్సుతో రెండు కళ్ల మధ్య భాగాన్ని చూడండి. అక్కడ నాలుగు ముళ్లు ఉంటాయి. సెర్రాటాలో అవి ఎత్తుగా, మొద్దుకొనలతో లేచి ఉంటాయి, వాటి మధ్య ఖాళీలు గుండ్రంగా ఉంటాయి. ఒలివేసియాలో ముళ్లు అనడానికి లేకుండా గుండ్రటి అలల్లా తగ్గిపోయి, మధ్య ఖాళీలు లోతు లేకుండా ఉంటాయి. కంటి అంచనాతో ఆగకుండా కొలవండి: మధ్య ముల్లు ఎత్తును ఆ ముఖభాగపు వెడల్పుతో భాగిస్తే సెర్రాటాలో సుమారు 0.06, ఒలివేసియాలో సుమారు 0.03 వస్తుంది. తర్వాత డెక్క మణికట్టు బయటి అంచు చూడండి. సెర్రాటాలో రెండు స్పష్టమైన ముళ్లు ఉంటాయి; పెరిగిన ఒలివేసియాలో ఆ చోట ముల్లు లేకుండా ఉంటుంది, లేదా ఒక చిన్న మొద్దు బొడిపె తగులుతుంది. వేలితో తడిమినా తెలుస్తుంది. మూడోది కాళ్ల మీద బహుభుజుల గళ్ల డిజైను: సెర్రాటాలో అన్ని కాళ్ల మీదా కనిపిస్తుంది, ఒలివేసియాలో ఉండదు. ట్రాంక్విబారికాలో అది వెనక రెండు జతల కాళ్ల మీద బాగా, మిగతావాటి మీద లీలగా ఉంటుంది; దాని మణికట్టు మీదా రెండు ముళ్లుంటాయి కాబట్టి దాన్ని సెర్రాటా నుంచి వేరు చేయడానికి కాళ్లనూ ముఖపు ముళ్ల ఎత్తునూ కలిపి చూడాలి. పారామమోసైన్ ముఖపు ముళ్లు తిన్నని అంచులతో త్రిభుజాల్లా, మధ్య ఖాళీలు కోణాల్లా ఉంటాయి.

పైపెంకు వెడల్పును రెండు వైపులా ఉన్న తొమ్మిదో ముళ్ల కొనల మధ్య మిల్లీమీటర్లలో కొలిచి, పొట్ట కింది మడత సన్నగా ఉంటే మగ, వెడల్పుగా ఉంటే ఆడ అని రాయండి. ఎగుమతి వ్యాపారంలో గ్రీన్ క్రాబ్, రెడ్ క్రాబ్ అన్న మాటలున్నాయి. ఆ రంగులు జాతి గురించి మొదటి సూచన ఇస్తాయి కానీ, బురదను బట్టి, పెంకు విడిచి ఎన్నాళ్లైందన్నదాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటిని చివరి మాటగా తీసుకోకూడదు. పిల్లపీతల్లో లక్షణాలు పూర్తిగా తేలవు. తేలని చోట "తేలలేదు" అని రాయడానికి వెనుకాడకండి.

ఇక్కడ ఒక నియమం. రూపాన్ని బట్టి వచ్చిన పేరును డీఎన్‌ఏ ఫలితం రాకముందే రాసి, తేదీ వేసి, కవరులో పెట్టి అధ్యాపకుల దగ్గర ఉంచండి. వీలైతే ఇద్దరు విద్యార్థులు ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. డీఎన్‌ఏ చెప్పిన పేరు తెలిశాక పీతను చూస్తే, ఆ పేరుకు తగిన ముళ్లే కంటికి కనబడతాయి.

డీఎన్‌ఏను చదవండి

జంతువుల్లో జాతిని గుర్తించడానికి ఎక్కువగా వాడేది మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు. దీన్ని డీఎన్‌ఏ బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కగా వాడవచ్చని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయపు పాల్ హీబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. వెన్నెముక లేని జీవులకు ఫోల్మర్ బృందం 1994లో ప్రచురించిన ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 అనే ప్రైమర్ల (కావలసిన జన్యు ముక్క రెండు కొసలకు అతుక్కునే పొట్టి డీఎన్‌ఏ ముక్కల) జత ఇప్పటికీ చాలా పీతలకు పనిచేస్తుంది. సుమారు 710 బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క వస్తుంది. డీఎన్‌ఏ తీయడానికి ఉప్పు పద్ధతి చాలు, కిట్ ఉంటే పని తొందరగా అవుతుంది. పీసీఆర్‌లో (ఆ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతిలో) ప్రైమర్లు అతుక్కునే ఉష్ణోగ్రతను 48 నుంచి 50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 35 చక్రాలు నడిపి, అగరోజ్ జెల్ మీద ఒకే గీత వచ్చిందా అని చూడండి. ప్రతి విడతలో కండ వేయని ఒక గొట్టం తప్పకుండా ఉండాలి. దానిలో గీత కనబడితే ఆ విడత మొత్తాన్ని పారేయాల్సిందే. కళాశాలలో పీసీఆర్ యంత్రం లేకపోతే ముత్తుకూరు మత్స్య కళాశాలలోనో, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో ఉన్న అధ్యాపకులతో కలిసి పనిచేసే మార్గం వెతకండి. సీక్వెన్సింగును (డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదవడాన్ని) రుసుము తీసుకుని చేసే ప్రయోగశాలలు హైదరాబాద్, చెన్నైలలో ఉన్నాయి. రెండు దిశల్లోనూ చేయించండి.

వచ్చిన శ్రేణిని వెంటనే జెన్‌బ్యాంక్ అనే అంతర్జాతీయ శ్రేణుల భాండాగారంలో వెతికి, మొదట కనబడిన పేరు రాసేసుకోవడం ఈ రంగంలో అతి సాధారణమైన అజాగ్రత్త. మొదట క్రోమటోగ్రామ్‌లో (సీక్వెన్సింగు యంత్రం ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరంగా గీసిన చిత్రంలో) శిఖరాలు శుభ్రంగా ఉన్నాయో లేదో కంటితో చూడండి. తర్వాత శ్రేణిని అమైనో ఆమ్లాల్లోకి మార్చండి. మార్చేటప్పుడు వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా సంకేత పట్టికను ఎంచుకోవాలి, ఎందుకంటే సాధారణ పట్టికలో ఆపమని చెప్పే టీజీఏ ఈ పట్టికలో ట్రిప్టోఫాన్. సరైన పట్టికతో కూడా మధ్యలో ఆగే సంకేతం వచ్చిందంటే మీకు దొరికింది అసలు జన్యువు కాకపోవచ్చు; కేంద్రకంలోకి చేరి పని మానేసిన పాత నకలు కావచ్చు. రొయ్యలు, పీతల బంధువర్గంలో ఇలాంటి నకళ్లు తరచుగా ఎదురవుతాయి.

పోల్చేటప్పుడు, ఏ మ్యూజియంలో ఏ నమూనా ఉందో చెప్పిన శ్రేణులకు ఎక్కువ విలువ ఇవ్వండి. మండపీతల పేర్లు మన దేశంలో ఎలా తారుమారయ్యాయో ముందే చూశాం. అలాంటి పేర్లతో చేరిన శ్రేణులు భాండాగారాల్లో ఉంటే, అవి మీ పీతకు కూడా తప్పు పేరే అంటగడతాయి. కాబట్టి ఒక్క పేరుతో ఆగకుండా, నాలుగు జాతుల శ్రేణులనూ, బయటి బంధువుగా ఇంకొక ఈతపీత శ్రేణినీ తెచ్చుకుని, ఉచితంగా దొరికే మెగా సాఫ్ట్‌వేర్‌తో వంశవృక్షం గీయండి. మీ పీత ఏ గుంపులో, ఎంత బూట్‌స్ట్రాప్ బలంతో (ఆ కొమ్మను ఎంత నమ్మవచ్చో చెప్పే శాతంతో) కూర్చుందో చూడండి. ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అనే స్థిరమైన గీత ప్రకృతిలో లేదు. ఒకే జాతిలోని తేడాలకూ, జాతుల మధ్య తేడాలకూ నడుమ ఎడం ఉందా అన్నదే చూడవలసింది.

మూడు సాక్ష్యాలను ఎదురెదురుగా పెట్టండి

ఇప్పుడు కవరు విప్పండి. ఒక పట్టికలో పీతకు ఒక వరుస: అంకె, రూపం చెప్పిన పేరు, డీఎన్‌ఏ చెప్పిన పేరు, దొరికిన చోటు, అడుగు ఉప్పదనం, బొరియా బోనా, వెడల్పు, ఆడా మగా. మూడూ ఏకీభవించిన వరుసలు మీ జాబితాకు గట్టి పునాది. ఏకీభవించని వరుసలను పక్కన పడేయాలనిపిస్తుంది. దయచేసి వాటినే ముందు చూడండి.

రూపం ఒకటి, డీఎన్‌ఏ ఇంకొకటి చెబితే మొదటి పని పాత కండ ముక్క నుంచి డీఎన్‌ఏను మళ్లీ తీయడం. ఎక్కువ సార్లు గొట్టాలు మారడమే కారణమని తేలుతుంది. మళ్లీ అదే ఫలితం వస్తే పీతను తిరిగి పళ్లెంలో పెట్టి, అది పిల్లపీతా, దెబ్బతిన్న ముళ్లున్నదా అని చూడాలి. అదీ కాకపోతే కేంద్రకంలోని జన్యువు ఒకటి, ఉదాహరణకు 28ఎస్, చదవాలి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి, రెండు జాతుల కలయిక వల్ల పుట్టిన పీతలో సీఓఐ తల్లి జాతిని మాత్రమే చూపిస్తుంది. తండ్రి జాడ కేంద్రకంలోనే ఉంటుంది.

రూపంలో ఏ తేడా లేకుండా డీఎన్‌ఏ మాత్రం రెండు స్పష్టమైన గుంపులుగా చీలితే, ఆ రెండు గుంపులూ ఒకే చోట, ఒకే కాలంలో కలిసి దొరుకుతున్నాయా అన్నది కీలకమైన ప్రశ్న. కలిసి బతుకుతూ కూడా కేంద్రక జన్యువుల్లో కలవకుండా ఉంటే అవి వేరు జాతులన్న వాదనకు బలం వస్తుంది. వేరువేరు చోట్ల దొరికితే అది దూరం వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఈ తీర్పు చెప్పేది ప్రయోగశాల కాదు, ఏటి ఒడ్డున రాసుకున్న పుస్తకం. డీఎన్‌ఏ ఒక్కటే అయి రూపం రెండుగా కనబడితే వయసు, లింగం, పెంకు విడిచే దశ, ఆహారం అన్నవి ముందు పరిశీలించండి.

ఆవాసపు తేడాను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. చోట్లను ఉప్పదనం క్రమంలో పేర్చి, ప్రతి చోట డీఎన్‌ఏతో తేలిన ఒలివేసియా వాటాను గీతగా గీస్తే, పీతలు పట్టేవాళ్లు చెప్పిన బొరియ పీత, బయటి పీత తేడాకు ఆ గీత ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. వేసవిలో, వరదల తర్వాత ఆ గీత ఎటు జరిగిందో చూడండి.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే జీవావరణం తెలియకుండా జన్యు ఫలితాన్ని చదవడం ఎంత ప్రమాదమో ఇది చూపిస్తుంది. సెర్రాటా ఆడపీతలు గుడ్లు విడవడానికి సముద్రంలోకి పోతాయి. పిల్లలు ఐదు జోయియా దశలు, ఒక మెగాలోపా దశ దాటి పీత రూపం పొందడానికి దాదాపు నెల పడుతుంది, ఆ కాలమంతా ప్రవాహాల్లో కొట్టుకుపోతాయి. కాబట్టి కృష్ణపట్నం పీతకూ, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం పీతకూ జన్యు తేడా కనబడకపోతే నిరాశపడవలసిన పని లేదు, అది సహజమే. మన వరి పొలాల ఎండ్రకాయ కథ దీనికి పూర్తిగా వేరు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో శరీరధర్మ ప్రయోగాలకు ఎంతో కాలంగా వాడిన ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ వంటి మంచినీటి పీతల్లో ఈదే పిల్ల దశ ఉండదు. గుడ్డులోంచి చిన్న పీతలే పుట్టి, కొన్నాళ్లు తల్లి పొట్ట మడత కింద ఉంటాయి. అవి దూరం పోలేవు. వెలికొండల్లో పెంచలకోన వైపు వాగుకూ, ఉదయగిరి వైపు వాగుకూ మధ్య మంచినీటి పీతల్లో జన్యు తేడాలు వెతకడం ఎంతో ఫలవంతమైన పని. మండపీతల మీద చేయి తిరిగిన బృందం తర్వాత చేపట్టవలసింది అదేనని నా సలహా.

ఇదే పద్ధతిని ఇతర జీవులకు వాడేటప్పుడు పనిముట్లు కొంచెం మారతాయి. మొక్కలకైతే హెర్బేరియం షీటు, సిలికా జెల్‌లో ఎండబెట్టిన ఆకు ముక్క, ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే జన్యువులు కావాలి. కప్పలకైతే వాన రాత్రి అరుపును రికార్డు చేసి, అరిచిన కప్పనే పట్టి, 16ఎస్ జన్యువు చదవాలి. అంకె నియమం మాత్రం ఎక్కడా మారదు.

ఫలితాన్ని ఎక్కడ ఉంచాలి

నమూనాలను కళాశాల బీరువాలో ఉంచితే అధ్యాపకులు పదవీ విరమణ చేసిన ఏడాదికి ఇథనాలు ఆరిపోతుంది. కనీసం ప్రతి జాతికీ, ప్రతి గుంపుకూ కొన్ని పీతలను 1916లో ఏర్పడిన భారత జంతు సర్వే సంస్థకు చెందిన ఏదైనా ప్రాంతీయ కేంద్రానికి అప్పగించి, వాళ్లు ఇచ్చే నమోదు సంఖ్యను మీ అంకె పక్కన రాసుకోండి. కొత్త జాతి అని తేలితే నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి ఇవ్వాలని జీవవైవిధ్య చట్టమే చెబుతోంది. శ్రేణులను జెన్‌బ్యాంక్‌కూ, డీఎన్‌ఏ బార్‌కోడ్‌ల భాండాగారమైన బోల్డ్‌కూ పంపేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నమూనా అంకె, గుర్తించినవారి పేరు ఉన్న గడులన్నీ నింపండి. ఖాళీ గడులతో చేరిన శ్రేణి తర్వాతివాళ్లకు ఉపయోగపడదు. పేరు మీద అనుమానం మిగిలితే ప్రజాతి పేరు వరకే రాసి ఆగండి.

చివరిగా, ఏ ఊరి ఏటిలో పీతలు పట్టారో ఆ పంచాయతీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ ఫలితాన్ని తెలుగులో చేర్పించండి: స్థానిక పేరు, శాస్త్రీయ నామం, దొరికే చోటు, దొరికే నెలలు, గుడ్లున్న ఆడపీతలు కనబడే కాలం, నమూనా అంకె. పీతలు పట్టేవాళ్లను కూర్చోబెట్టి ఆ పుటను చదివి వినిపించి, వాళ్లు తప్పన్న మాటను దిద్దాకే కార్యదర్శికి ఇవ్వండి.